క్యూఆర్ ఉచితమే, అన్నివేళలా కాదు
"యూపీఐ వచ్చాక కొట్టువాడికి చెల్లింపుల ఖర్చే లేదు" అని ఒక వ్యాసంలో రాసింది సగమే నిజమండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకీ, రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ (చెల్లింపు మీద కొట్టువాడి దగ్గర కోసుకునే రుసుము) సున్నా, అంతవరకు ఒప్పుకోవాల్సిందే. భీమవరంలో రొయ్యల మేత అమ్మే డీలరు లెక్క చూడండి. బిల్లు రూ.50,000. ఖాతా నుంచి యూపీఐ కొడితే మొత్తం జమ. వీసా డెబిట్ కార్డు గీస్తే, ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటిన కొట్టుకి గరిష్ఠంగా 0.90 శాతం, అంటే రూ.450, దానిమీద 18 శాతం జీఎస్టీ మరో రూ.81. క్రెడిట్ కార్డుకి అలాంటి గరిష్ఠ పరిమితి లేదు. 2 శాతం అనుకుంటే జీఎస్టీతో రూ.1,180 ఎగిరిపోతుంది. అసలే మేత అరువు బేరం! చిక్కంతా రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపాక మొదలైంది. గోడ మీద అదే క్యూఆర్, స్పీకరు పెట్టె అరిచేదీ అదే మాట, కానీ క్రెడిట్ కార్డు నుంచి వచ్చిన సొమ్ముకి ఎండీఆర్ కోత ఉంటుంది. చిన్న వ్యాపారికి రూ.2,000 వరకు మినహాయింపు ఉన్నా, మేత బిల్లు ఆ లోపు ఎక్కడ ఉంటుంది? కోత పడిందని తెలిసేది తర్వాత సెటిల్‌మెంటు రిపోర్టు (ఏ చెల్లింపుకి ఎంత జమైందో చూపే లెక్క) తెరిచినప్పుడే, అదీ తెరిస్తే. క్యూఆర్ తీసుకునే రోజే క్రెడిట్ కార్డు చెల్లింపులకి రేటెంత, వద్దంటే ఆపుతారా అని అడిగి రాయించుకోవాలి. డెబిట్ కార్డు మీద కొనేవాడి దగ్గర అదనంగా వసూలు చేయడం రిజర్వు బ్యాంకు ఒప్పుకోదు, కాబట్టి ఆ దారీ లేదు. ఇక స్పీకరు పెట్టెకి నెలనెలా కట్టే అద్దె ఈ లెక్కలో కలపనేలేదు.