దెబ్బతిన్న యూనిట్‌ని వెనక్కి లాగితే టర్న్ దండగా?

వంతులవారీగా (టర్న్ టర్న్‌కి) సైనికులని, అంటే యూనిట్లని నడిపే టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేములు ఆడేవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: "దెబ్బతిన్న యూనిట్‌ని వెనక్కి లాగడం దండగ. టర్న్ పోతుంది, ఎలాగూ వెంటపడి చంపుతారు, చచ్చేలోపు ఇంకో దెబ్బ కొట్టించడమే లాభం." కొత్తవాళ్లు ఇది నమ్మి చేజేతులా ఓడిపోవడం చూడలేక రాస్తున్నాను. 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే గేమ్‌నే తీసుకుందాం, ఎవరైనా ఆడి సరిచూసుకోవచ్చు.

ముందు "టర్న్ పోతుంది" అనేది చూద్దాం. అన్ని టర్న్‌లూ ఒకటి కాదు కదా. వెస్నోత్‌లో పగలు లాయలిస్ట్‌లనే మనుషుల సైన్యానికి 25 శాతం బలం పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది, ఓర్క్‌లకి సరిగ్గా తిరగబడి. మన ఈటె సైనికుడు స్పియర్‌మ్యాన్ పగలు దెబ్బకి 9 చొప్పున మూడుసార్లు పొడుస్తాడు, ఎదుటి ఓర్క్ సైనికుడు గ్రంట్ 7 చొప్పున రెండుసార్లు కొడతాడు. అదే జంట రాత్రి తలపడితే మనవాడి దెబ్బ 5కి పడిపోతుంది, గ్రంట్‌ది 11కి పెరుగుతుంది. ఇప్పుడు 15 హెచ్‌పీ (ప్రాణబలం పాయింట్లు) మిగిలిన స్పియర్‌మ్యాన్‌ని సాయంత్రం టర్న్‌లో వెనకున్న విలేజ్‌లోకి పంపారనుకోండి. తర్వాతి టర్న్ మొదట్లో 8 హెచ్‌పీ తిరిగి వస్తాయి, కదలకుండా కూర్చుంటే ఆ పైన విశ్రాంతికి ఇంకో 2 కలిసి టర్న్‌కి 10. మధ్యలో ఎవరూ కొట్టకపోతే తెల్లారేసరికి మొత్తం 36 హెచ్‌పీతో లేస్తాడు, అదీ తన బలం పెరిగే వేళకి. పోయిందల్లా 5 చొప్పున పొడిచే రాత్రి టర్న్‌లు, వాటికోసమా ఇంత బాధ?

ఇక వెంటపడి చంపడం. ఇది అనేవాళ్లు జోన్ ఆఫ్ కంట్రోల్ సంగతి మర్చిపోతున్నారు. ఏ యూనిట్ అయినా తన శత్రువు పక్క హెక్స్‌లోకి (మ్యాప్ మీది ఆరు పలకల గడి) అడుగుపెట్టగానే ఆ టర్న్‌కి నడక అయిపోయినట్టే, ఎన్ని మూవ్స్ మిగిలినా సరే. అందుకే మీ ఇద్దరు గట్టి యూనిట్లని మధ్యలో రెండు హెక్స్‌లు ఖాళీ వదిలి నిలబెట్టినా ఆ సందులోంచి ఒక్క టర్న్‌లో ఎవరూ దూరలేరు. ఫెన్సర్ లాంటి స్కర్మిషర్లకి (చొచ్చుకుపోయే రకం యూనిట్లకి) ఈ అడ్డు లేదు, అట్టడుగు స్థాయి అయిన లెవెల్ 0 యూనిట్లు అడ్డు వేయలేవు, ఈ రెండూ గుర్తుంటే చాలు. ఇంకో విషయం, కదిలి కొట్టొచ్చు గానీ కొట్టాక కదలడం ఉండదు, కాబట్టి "ఒక దెబ్బ వేసి తప్పుకుందాం" అనే ఆలోచన ఈ గేమ్‌లో పనిచేయదు. తప్పుకోవాలంటే కొట్టకముందే తప్పుకోవాలి.

చచ్చేలోపు ఇంకో దెబ్బ అంటారా, దాని ఖరీదు చూడండి. మీ లెవెల్ 1 యూనిట్‌తో ఊరికే పోరాడితే శత్రువుకి 1 ఎక్స్‌పీ (అనుభవం పాయింటు), చంపితే 8. అంటే మీరే వాడి లెవెల్ అప్‌ని (పై స్థాయికి ఎదగడాన్ని) దగ్గర చేస్తున్నారు, లెవెల్ అప్ అయితే వాడి గాయాలన్నీ అక్కడికక్కడే మానిపోతాయి కూడా. పైగా కొత్త స్పియర్‌మ్యాన్‌కి 14 గోల్డ్, కోట నుంచి మళ్లీ నడిచి రావడానికి పట్టే టర్న్‌లు వేరే.

ఒక్కచోట మాత్రం వాళ్ల మాట నిజం. మీ యూనిట్‌కి సరిగ్గా ఎదురెదురు వైపుల ఇద్దరు శత్రువులు నిలబడితే చుట్టూ ఉన్న ప్రతి ఖాళీ హెక్స్ ఎవరో ఒకరి జోన్‌లోనే ఉంటుంది, ఒక్క అడుగుకి మించి కదలలేదు. అప్పుడు కొట్టడమే నయం. అయితే ఆ ఇద్దరూ అలా రెండు వైపులకీ రాగలరా లేదా అన్నది ముందు టర్న్ ముగించేటప్పుడే తెలిసిపోతుంది, శత్రువు మీద కర్సర్ పెడితే వాడు ఎక్కడిదాకా రాగలడో మ్యాప్ మీదే కనిపిస్తుంది.