ఆ 145 పాయింట్లు హైదరాబాదువి

"అన్నా, టీమే వెళ్లిపోయింది కదా, ఇంకా ఆ లెక్కలెందుకు నీకు?" అని మొన్న టీ దగ్గర మా ఆఫీసు కుర్రాడు అడిగాడు. వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. కానీ ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు లెక్క చెప్తాను. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆరు సీజన్లు ఆడింది, 2019-20 నుంచి 2024-25 దాకా. సెమీస్, ఫైనల్ పక్కన పెడితే లీగ్ మ్యాచ్‌లు 124. గెలిచినవి 37, డ్రా అయినవి 34, ఓడినవి 53. మొత్తం 145 పాయింట్లు. దానిమీద ఒక ఐఎస్ఎల్ కప్పు.

2025 అక్టోబర్‌లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి వెళ్లిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు కూడా మార్చుకుంది. మరి ఆ 145 పాయింట్లు, ఆ కప్పు ఇప్పుడు ఎవరి ఖాతాలో ఉండాలి? హైదరాబాద్ ఖాతాలోనే ఉండాలంటాను నేను. ఎవరేమన్నా ఈ మాట మార్చుకోను.

మా ఇంట్లో అట్టవేసిన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. మొదటి పేజీలో తేదీ 25-10-2019. కోల్‌కతాలో అక్కడి జట్టు ఏటీకే మీద మన మొట్టమొదటి మ్యాచ్. స్కోరు 0-5. ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. రెండో వారం తిరక్కుండానే నవంబర్ 2న గచ్చిబౌలిలో తొలి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. ఫస్ట్ హాఫ్‌లోనే వాళ్ల కుర్రాడు రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. నా పక్క సీట్లో కూర్చున్నాయన "ఇంక అయిపోయిందండీ" అని చెప్పులు వేసుకోవడం మొదలెట్టాడు. హాఫ్ టైమ్ తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మార్సెలీన్యో ఫ్రీ కిక్ వేశాడు. బంతి నెట్‌లో పడ్డాక ఒక్క క్షణం మాకెవరికీ నమ్మకం కలగలేదు, ఆ తర్వాత స్టాండంతా లేచింది. చెప్పులు వేసుకున్నాయన నన్ను గట్టిగా పట్టుకుని ఊపేశాడు. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. 2-1. హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి విజయం అది. ఆ పేజీలో ఆ గీత పచ్చ పెన్నుది.

ఆ ఏడాది పచ్చ పెన్ను ఇంకొక్కసారే బయటికి తీశాను. ఆఖరి మ్యాచ్‌లో గువాహటిలో నార్త్ ఈస్ట్ మీద 5-1. 18 మ్యాచ్‌లలో రెండు గెలుపులు, నాలుగు డ్రాలు, పన్నెండు ఓటములు. 10 పాయింట్లతో అట్టడుగున ఉన్నాం. వేసిన గోల్స్ 21, తిన్నవి 39.

ఆ తర్వాత కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు. నిజానికి ఆ సీటు ఆల్బర్ట్ రోకాది. ఆయన 2020లో బార్సిలోనా కొత్త కోచ్ కూమన్ బృందంలోకి వెళ్లిపోవడంతో మనోలోకి పిలుపొచ్చింది. ఆ మార్పు మనకు ఎంత కలిసొచ్చిందో అంకెలే చెప్తాయి. మొదటి ఏడాది 20 మ్యాచ్‌లలో ఓడింది మూడే మూడు. డ్రాలు మాత్రం 11. డ్రాలు ఎక్కువయ్యాయని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు కానీ, అంతకుముందు ఏడాది పన్నెండు ఓడిన జట్టు ఇది. ఓడకపోవడం ముందు నేర్చుకుంది, గెలవడం ఆ తర్వాత. 29 పాయింట్లతో ఐదో స్థానం. మరుసటి ఏడాది 38 పాయింట్లు, రెండో స్థానం, 43 గోల్స్. ఆ సీజన్‌లో ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. ఒక సీజన్‌లో 18 అనేది అప్పటిదాకా గోవా ఆటగాడు కోరో పేరు మీదున్న లీగ్ రికార్డు, దాన్ని మనవాడు అందుకున్నాడు. ఆ మరుసటి ఏడాది ఇంకో 10. మన జెర్సీలో రెండేళ్లలో 28 ఐఎస్ఎల్ గోల్స్.

ఇక ఫైనల్. 2022 మార్చి 20, ఆదివారం, గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఎదురుగా మళ్లీ కేరళ బ్లాస్టర్సే.

కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ అన్ని జట్లూ గోవాలోనే ఆడాయి. అంటే మన జట్టు ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్‌కు జనాన్ని అనుమతించారు కానీ స్టేడియం నిండా కేరళ వాళ్లే. పసుపు జెర్సీ వేసుకుని ఆడింది మనం, స్టాండ్స్‌లో పసుపు వేసుకుని అరిచింది వాళ్లు. 68వ నిమిషంలో గోల్ ఎవరు కొట్టారో తెలుసా? మళ్లీ రాహుల్ కేపీయే. గచ్చిబౌలిలో మన తొలి మ్యాచ్‌లో ముందు గోల్ కొట్టినవాడే మన ఫైనల్లోనూ ముందు గోల్ కొట్టాడు. నోట్‌బుక్‌లో ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 88వ నిమిషంలో బాక్స్ బయట నుంచి మన సాహిల్ తవోరా కొట్టిన షాట్ మూలన దూరింది. 1-1. మా ఇంట్లో అందరూ ఒకేసారి అరిచేసరికి కింది వాటావాళ్లు ఏమైందోనని పైకి వచ్చారు.

పెనాల్టీలలో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఈ మూడు ఆపడం వెనక ఇంకో లెక్క ఉంది, అది తెలియకపోతే దాని బరువు తెలియదు. 2015లో ఇదే ఫతోర్డాలో గోవా జట్టు గోల్‌కీపర్ ఈ కట్టిమణే. చెన్నైయిన్ మీద 2-1తో గెలుస్తున్న ఫైనల్, 90వ నిమిషంలో అతని చేతి మీదుగా బంతి సొంత గోల్‌లోకి వెళ్లింది. ఇంకో రెండు నిమిషాలకు మరో గోల్, కప్పు పోయింది. సొంత రాష్ట్రంలో, సొంత జనం ముందు. ఆరేళ్ల తర్వాత అదే మైదానంలో మన పసుపు జెర్సీ వేసుకుని మూడు పెనాల్టీలు ఆపాడు. స్టాటిస్టిక్స్ అంటే ఒట్టి అంకెలు అనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే కథ. పట్టికలో "సేవ్స్: 3" అని మాత్రమే ఉంటుంది.

2022-23లో గచ్చిబౌలికి తిరిగొచ్చారు. 13 గెలుపులు, 42 పాయింట్లు, తిన్న గోల్స్ 16 మాత్రమే. పాయింట్ల లెక్కన మన బెస్ట్ సీజన్ ఇదే, కప్పు గెలిచిన ఏడాది కాదు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లలోనూ 0-0, చివరికి పెనాల్టీలలో పోయింది.

ఆ తర్వాతి సంగతి రాయాలంటే చెయ్యి రాదు. ఆటగాళ్ల బకాయిల గొడవలు, కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. జోవావ్ విక్టర్ లాంటివాడు నిలబడి, అకాడమీ పిల్లలను వెంటేసుకుని ఆడాడు. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ పిల్లలను తిట్టినవాళ్లను నేను క్షమించను. జీతం సంగతి తేలక, సీనియర్ అనేవాడు పక్కన లేక, వారం వారం ఓడుతూ కూడా జట్టును మైదానంలో దింపింది వాళ్లే. ఎర్ర పెన్నుతో రాయడానికి నాకు మనసొప్పలేదు. ఆ సీజన్ అంతా నీలం పెన్నుతో రాశాను. మరుసటి ఏడాది నాలుగు గెలుపులు, 18 పాయింట్లు. అంతే.

కప్పు గెలిచిన ఏడాదీ దాని మరుసటి ఏడాదీ కలిపి 40 లీగ్ మ్యాచ్‌లలో 80 పాయింట్లు. చివరి రెండేళ్లలో 46 మ్యాచ్‌లకు 26. ఒక జట్టు ఎంత ఎత్తుకు వెళ్లి ఎంత కిందికి పడిందో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. "లైసెన్స్ అదే, ఓనర్లు అదే, ఊరు మాత్రమే మారింది, కాబట్టి చరిత్ర కూడా జట్టుతో పాటు వెళ్తుంది" అని కొందరంటున్నారు. అయితే 2019 సంగతి గుర్తు చేసుకుందాం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. పుణె సిటీ అనే జట్టు మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. మన తొలి విజయంలో రెండు గోల్స్ కొట్టిన స్టాంకోవిచ్, మార్సెలీన్యో ఇద్దరూ పుణె నుంచి వచ్చినవాళ్లే. పుణె అభిమానులకు ఆ రోజు ఎంత బాధ కలిగిందో మనం పట్టించుకోలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాం. పుణె ఐదు సీజన్ల లెక్కలు మన ఖాతాలో వేసుకోలేదు. సున్నా నుంచి మొదలెట్టాం, 0-5తో మొదలెట్టాం. పుణె చరిత్ర పుణెకే ఉంది. అదే న్యాయం మనకూ వర్తించాలి కదా?

ఢిల్లీ అభిమానుల మీద నాకు కోపం లేదు. వాళ్లదీ మన బాధే. అదే 2019 ఆగస్టులో వాళ్ల ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్ తీసుకెళ్లి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకు మనకంటే ముందే తెలుసు. వాళ్లకు కొత్త జట్టు వచ్చినందుకు సంతోషం. కానీ 2022 మార్చి 20 వాళ్లది కాదు.

ఇది నా ఒక్కడి మొండివాదన కాదు, దీనికి ముందు దారి ఉంది. లండన్‌లో టెన్నిస్ జరిగే వింబుల్డన్ పేరుతోనే ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ అది. దాన్ని 2003లో మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించారు, తర్వాత పేరు ఎంకే డాన్స్ అయింది. అభిమానులు ఊరుకోలేదు. 2002లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని కింది లీగుల నుంచి మొదలెట్టారు. ఆ తర్వాత అభిమాన సంఘాల ఒత్తిడితో ఎంకే డాన్స్ దిగివచ్చింది. పాత వింబుల్డన్ ట్రోఫీలు, చరిత్ర తమవి కావని ఒప్పుకుని 2007లో వాటిని వింబుల్డన్ ఉన్న మెర్టన్ కౌన్సిల్‌కు అప్పగించింది. ఊరి కప్పు ఊరికి చేరింది. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగకూడదు?

మనకు ఈ గాయం ఇదే మొదటిసారి కూడా కాదు. మా పెద్దనాన్న సికింద్రాబాద్ మనిషి, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని, దేశంలోని పాత ఫుట్‌బాల్ టోర్నీ డ్యూరాండ్ కప్ విజేతల పట్టిక చదువుతున్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్, మూడు సార్లు అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "మూడేందిరా? నాలుగు! 61ల మోహన్ బగాన్ మీద ఒక్క గోలుతోని గెల్చిన్రు గదా" అన్నారు. మళ్లీ చూస్తే నాలుగోది విడిగా, ఇంకో పేరు కింద ఉంది. 1950, 1954, 1957 హైదరాబాద్ సిటీ పోలీస్ పేరు మీద. 1961 ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరు మీద. అదే జట్టు, అదే కోచ్, బోర్డు మారింది కాబట్టి పట్టికలో రెండు ముక్కలైంది.

ఆ కోచ్ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతిలో ఆ పోలీసు జట్టు రోవర్స్ కప్ అనే ఇంకో పాత టోర్నీని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. దేశానికి ఆయన 1951, 1962 ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టాడు. ఆ మెల్‌బోర్న్ జట్టులో మన ఊరి వాళ్లే ఎంతమందో. అజీజుద్దీన్, నూర్ మహ్మద్, జుల్ఫికరుద్దీన్, మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. క్యాన్సర్‌తో ఉండి కూడా 1962లో జకార్తాలో ఆ రెండో బంగారం గెలిపించి, మరుసటి ఏడాది 1963 జూన్‌లో కన్నుమూశాడు రహీం సాబ్. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో, ఎవడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎన్ని గోల్స్ కొట్టాడు అని అడిగితే మా పెద్దనాన్న లాంటివాళ్ల జ్ఞాపకమే దిక్కు. ఆ తరం వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అందుకే ఈ ఆరేళ్ల లెక్కలనైనా చెదిరిపోనివ్వకూడదని పట్టుబడుతున్నాను. లీగ్ రికార్డుల్లో 2021-22 ఛాంపియన్ ఎదురుగా హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఉండాలి, పక్కన ఏ కొత్త పేరూ చేర్చకూడదు. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పాయింట్లు సున్నా నుంచి లెక్కపెట్టాలి. ఆ కప్పు నమూనా ఒకటి గచ్చిబౌలిలో జనం చూసేచోట పెట్టాలి. రేపు ఈ ఊరికి ఇంకో జట్టు వస్తే, ఆ కుర్రాళ్లు దాని పక్కనుంచే మైదానంలోకి నడవాలి.

నేను నా వంతుగా నోట్‌బుక్ అంతా టైప్ చేస్తున్నాను. 124 మ్యాచ్‌లకూ తేదీ, స్కోరు, మన గోల్ స్కోరర్లు. ఇప్పటికి మూడు సీజన్లు పూర్తయ్యాయి. మీ దగ్గర పాత టికెట్లు, మ్యాచ్ రోజు తీసిన ఫొటోలు ఉంటే కింద పెట్టండి. ముఖ్యంగా 2019 నవంబర్ 2వి. ఆ రోజు ఈస్ట్ స్టాండ్‌లో చెప్పులు వేసుకుని మళ్లీ కూర్చున్న పెద్దాయన ఎవరికైనా తెలిస్తే, ఆయనకు ఈ పోస్టు చూపించండి.