ప్రిస్మా ఫ్లో డయాగ్రమ్ గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ ప్రిస్మా ఫ్లో డయాగ్రమ్ గారి దివ్యసముఖానికి, పశుపోషణ శాస్త్రంలో పీజీ చేస్తూ సిస్టమాటిక్ రివ్యూలో, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ పద్ధతిగా వెతికి వడగట్టే పనిలో, ఇరుక్కున్న విద్యార్థి నమస్కరించి రాసుకునేది.

ఎన్ని పేపర్లు దొరికాయో, ఎన్ని తీసేశామో, ఎన్ని మిగిలాయో చూపే తమరు చూడటానికి కొన్ని పెట్టెలు, కొన్ని బాణాలే. అయినా తమ వంశం గొప్పదని విన్నాను. రివ్యూను ఎలా నివేదించాలో చెప్పే మార్గదర్శకాలుగా 1999లో క్వోరమ్, దాని వారసుడిగా 2009లో ప్రిస్మా, ఆపైన 2020 నాటి కొత్త రూపం. వెంట 27 అంశాల చెక్‌లిస్ట్ అనే పరివారం. మనుషుల వైద్యం కోసం పుట్టినవారు, గొడ్ల మేత దాకా దిగొచ్చారు. మా భాగ్యం.

తమ మొదటి పెట్టెకు పెద్ద అంకెలంటే ప్రీతి కదా, ఆ సంగతి నేను చూసుకున్నాను. ఇంగ్లిష్‌లో 'రేషన్' అని కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడితే, అలా మొదలయ్యే మాటలన్నీ వెతకమని అర్థం కాబట్టి, దాణాతో పాటు 'రేషనల్', 'రేషనేల్' అన్నీ వచ్చిపడ్డాయి. దూడల కోసం 'కాఫ్' అని వెతికితే, ఇంగ్లిష్‌లో పిక్కకూ అదే మాట కాబట్టి, మనుషుల పిక్కల నొప్పులు దొరికాయి. నెమరువేసే పశువుల కోసం వల వేస్తే, ఇంగ్లిష్‌లో నెమరుకూ దిగులు ఆలోచనకూ ఒకే మాట కాబట్టి, దిగులుతో ఒకే ఆలోచనను తిప్పితిప్పి నమిలేవాళ్ల మీద సైకాలజీ పేపర్లు చిక్కాయి. అవన్నీ లెక్కపెట్టి, అవన్నీ తీసేసి, తీసేసినట్టు తమకు నివేదించుకున్నాను. అంకె చూసి గైడ్ గారు తెగ మురిసిపోయారు.

అసలు కథ తమ అట్టడుగు పెట్టెలో ఉంది. అక్కడ మిగిలిన పేపర్లలో ఒకాయన మేతను పొడిపదార్థం లెక్కన, అంటే నీరు పోగా మిగిలిన బరువుతో, చెబుతాడు. ఇంకొకాయన పచ్చిగా తూచి, తేమ ఎంతో చెప్పడు. సైలేజ్‌లో, అంటే పాతరేసి పులియబెట్టిన పచ్చిమేతలో, సగానికి పైగా నీళ్లేనని ఆయనకు తెలియదా? ఇంకోచోట సగటు ఉంటుంది, ఆ సగటును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ ఉండదు. మరోచోట నాలుగు ఆవులకు నాలుగు రకాల దాణా వంతులవారీగా తినిపించి లాటిన్ స్క్వేర్ అంటారు. ఆవుల లెక్కన నాలుగనుకోవాలా, తినిపించిన వంతుల లెక్కన పదహారనుకోవాలా? దొడ్డి మొత్తానికీ ఒకే తొట్టిలో మేత వేసి, లెక్క మాత్రం తలకొకటి చొప్పున కట్టినవాళ్లూ ఉన్నారు. ఇవేవీ తమకు పట్టవు. పై పెట్టెలోంచి పక్క పెట్టె తీసేస్తే కింది పెట్టె రావాలి, అంతే.

ఒక్కో పరిశోధనలో పక్షపాతం ఎంత చొరబడిందో తేల్చే, తమ చుట్టాలైన బయాస్ ఫారాల సంగతి సరేసరి. ఏ గ్రూపులో ఉన్నారో పాల్గొన్నవారికి తెలియకుండా ఉంచారా అని అడుగుతారు. అయ్యా, ఆవు తొట్టిలో మూతి పెట్టి నచ్చిన ముక్కలు ఏరుకుని తింటుంది. దానికి తెలిసినంత పరిశోధకుడికి కూడా తెలియదు!

తమ తప్పేం లేదని నాకు తెలుసు. రివ్యూ ఎలా చేశారో దాచకుండా చెప్పమన్నారే గానీ, ఎలా చేయాలో తమరెప్పుడూ చెప్పలేదు. కానీ మావాళ్లు 'ప్రిస్మా ప్రకారం చేశాం' అని ఒక వాక్యం రాసి, తమ బొమ్మ అతికించి, ఇక నాణ్యత గురించి అడగొద్దంటున్నారు. వైవాలోనూ కూడికలు, తీసివేతలు సరిచూస్తారు. ఆవు ఎంత తిన్నదో ఎవరూ అడగరు.

ఇంతకీ ఈ లేఖ ఎందుకంటే, సెర్చ్ పాతబడిందట, మళ్లీ వేయమన్నారు. తమ అంకెలన్నీ మారతాయి. ఈసారి 'రేషన్'కు నక్షత్రం పెట్టడం లేదు. మొదటి పెట్టె కాస్త చిక్కిపోతే మన్నించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు