కాలయంత్రంలో లగేజీ నిబంధనలు

బేస్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే పది నిమిషాల్లో కాలయంత్రం స్టార్టవుతుంది. "బేబ్ రూత్‌ని ఇవాళ దింపి చూడు, సీజన్‌కి వంద హోమ్ రన్లు కొడతాడు" అంటాడొకాయన. "గంటకు తొంభై తొమ్మిది మైళ్ల బంతి చూశాడంటే బ్యాటు అక్కడే పారేసి వచ్చిన రైలే ఎక్కేస్తాడు" అంటాడు రెండో ఆయన. ఇద్దరూ నిజాయితీపరులే. మోసమంతా లగేజీలో జరుగుతోంది. మొదటాయన రూత్‌తో పాటు జిమ్మునీ, డైటీషియన్‌నీ, తేలిక బ్యాటునీ, వీడియో గదినీ చడీచప్పుడు లేకుండా ఎక్కించేస్తాడు. రెండో ఆయన అదే మనిషిని బొజ్జతో, ఉన్ని చొక్కాతో, నోట్లో హాట్‌డాగ్ ముక్కతో ఉన్నపళంగా స్టేడియం మధ్యలో దింపేస్తాడు.

ఎయిర్‌పోర్టులో 23 కిలోల పెట్టె తూకానికి పెట్టి, ఆవకాయ డబ్బా ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మార్చి, మళ్లీ తూచి చెమటలు కక్కే జాతి మనది. ఒక మనిషిని వందేళ్లు అటూ ఇటూ పంపేటప్పుడు మాత్రం తూకం అడిగే నాథుడు లేడు. కనుక క్రీడాభిమానుల శ్రేయస్సు కోరి ఈ కింది నియమావళిని ప్రతిపాదించడమైనది. (బేస్‌బాల్ ఎరగనివాళ్లకు: బేబ్ రూత్ 1920ల నాటి హోమ్ రన్ల రారాజు. హోమ్ రన్ అంటే ఇంచుమించు మన సిక్సరే. కాకపోతే ఓవర్‌కి ఒకటి పడదు. మహా మొనగాడికి వారానికి రెండు పడితే పండగ.)

ముందు బ్యాటు సంగతి. ఎవరి బ్యాటు వాళ్లే మోసుకెళ్లాలి. రూత్ 1920లలో వాడినవాటిలో హికరీ అనే బరువు కర్రవీ ఉన్నాయి. ఆయన బ్యాట్లు మామూలుగా 40 ఔన్సులకు తగ్గేవి కావు, కొన్ని 50 కూడా దాటాయి. బ్యాటు అనడం మర్యాద కోసం, చూడ్డానికి రోకలే. ఇప్పటి మొనగాడు ఆరన్ జడ్జి చేతిలోది 33 ఔన్సులు, అంటే 935 గ్రాములు. రూత్‌ది 42 ఔన్సులనుకున్నా 1190 గ్రాములు. తేడా పావుకిలో. కూరగాయల బండి దగ్గర పావుకిలో అంటే కొసరు కింద వేయించుకుంటాం. 95 మైళ్ల బంతి దగ్గర ఆ కొసరు ప్రాణం తీస్తుంది. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) చెయ్యి వదిలిన బంతి బ్యాటర్ దాకా రావడానికి 0.4 సెకను. అందులో బ్యాటు తిరగడానికే 0.15 సెకను పోతుంది. మిగిలిన పావు సెకనులో బంతి ఎటు తిరుగుతోందో చూసి, కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి. బ్యాటు బరువెక్కితే ఊపు నెమ్మదిస్తుంది, కాబట్టి ముందే మొదలుపెట్టాలి. ముందే మొదలుపెడితే తిరుగుడు చూడకుండానే ఒప్పుకున్నట్టు. చివరి పది అడుగుల్లో బంతి పక్కకి జారుకుంటే రోకలి గాలిని దంచుతుంది. ఈ సంగతి రూత్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. వయసు పైబడేకొద్దీ ఆయనే బరువు తగ్గించుకుంటూ వచ్చాడు. పాతకాలం భక్తులే ఇంకా 54 ఔన్సుల దగ్గర ఆగిపోయారు.

మరి అంత బరువుతో ఆ రోజుల్లో ఎలా కొట్టాడు? ఆ కాలపు వేగానికి పేరుమోసిన పిచర్ వాల్టర్ జాన్సన్‌ని 1912లో ఒక తుపాకుల ఫ్యాక్టరీ ల్యాబుకి తీసుకెళ్లి కొలిస్తే సెకనుకు 122 అడుగులొచ్చింది. గంటకు 83 మైళ్లు. ఇవాళ లీగ్ మొత్తం మీద ఫాస్ట్‌బాల్ సగటే 94 దగ్గరుంది. కొత్తకాలం వాళ్లు అప్పుడే చంకలు గుద్దుకోవద్దు. జాన్సన్ బంతిని కొలిచింది గాలిలో ప్రయాణించి వేగం పోగొట్టుకున్నాక. ఇప్పటి రాడార్ కొలిచేది చేతిలోంచి వదిలిన చోట. దారిలో ఏడెనిమిది మైళ్లు ఎటూ హరించుకుపోతాయి, కాబట్టి ఇప్పటి కొలతలో జాన్సన్ తొంభై దాటుతాడు. అసలు తేడా వేగంలో కంటే కాపలా మార్పులో ఉంది. రూత్ నాలుగోసారి బ్యాటింగ్‌కి వచ్చేసరికి చాలాసార్లు ఎదురుగా ఉండేది అదే పిచర్, అదే అలిసిన చెయ్యి. జడ్జి నాలుగోసారి వచ్చేసరికి మూడో మనిషి వచ్చి ఉంటాడు, పొద్దుటి నుంచీ కాళ్లు చాపుకుని కూర్చుని, 98తో.

బ్యాటు మాట వచ్చింది గనక 2025 మార్చి నాటి టార్పీడో బ్యాటు గోల కూడా రికార్డులో పెట్టాలి. ఎంఐటీలో ఫిజిక్స్ చదివిన పెద్దమనిషి ఒకాయన, బ్యాటు లావు భాగాన్ని ఆటగాడు నిజంగా బంతిని తగిలించే చోటికి జరిపాడు. మార్చి 29న జడ్జి ఆడే న్యూయార్క్ యాంకీస్ జట్టు ఒకే ఆటలో 9 హోమ్ రన్లు కొట్టేసరికి దేశమంతా కర్ర మీద పడింది. ఆ తొమ్మిదిలో మూడు జడ్జివి. ఆయన వాడింది మామూలు పాత బ్యాటే. ఇలాంటి వివరాలు వాదనకు అడ్డం గనక ఎవరూ పట్టించుకోలేదు.

ఇక బంతి. 1920 వరకూ పిచర్లు బంతికి ఉమ్ము, పొగాకు రసం, మట్టి దర్జాగా పూసేవాళ్లు. ఒకే బంతి నల్లబడి మెత్తబడేదాకా నడిచేది. 1920 ఆగస్టులో రే చాప్‌మన్ అనే ఆటగాడికి అలాంటి బంతి తలకు తగిలి మర్నాడు చనిపోయాడు. ఆ తరువాతే తెల్లటి బంతి మార్చి మార్చి ఇవ్వడం గట్టిపడింది. ఉమ్ము కూడా ఆ ఏడే నిషేధం, పాతకాపులు 17 మందికి తప్ప. ఏళ్లు గమనించండి. రూత్ 29 నుంచి 54 హోమ్ రన్లకు ఎగబాకింది 1919, 1920 మధ్యనే. అందులో కండ వాటా ఎంత, శుభ్రమైన బంతి వాటా ఎంత, జట్టు మారి న్యూయార్క్‌లో కుడివైపు కంచె 258 అడుగులే ఉన్న మైదానం దొరకడం వాటా ఎంత? విడివిడిగా తూచగల త్రాసు ఇంకా రాలేదు. అదే న్యాయంగా చెప్పాలంటే, 1923లో కట్టిన యాంకీ స్టేడియంలో నడిమధ్య కంచె 490 అడుగుల దరిదాపుల్లో ఉండేది. అటు కొట్టినవి ఎన్ని ఫీల్డర్ల చేతుల్లో పడ్డాయో దేవుడికెరుక.

ఇప్పటి బంతి వైభోగం చూస్తే పాతకాలం వాళ్లకు కడుపు మండడం సహజం. 2022 నుంచి మేజర్ లీగ్ (రెండు పెద్ద లీగుల కూటమి) ముప్ఫై స్టేడియాల్లోనూ బంతులకు ప్రత్యేక గది ఉంది. చాలాచోట్ల 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 57 శాతం తేమ. ఎండిపోతే బంతి గట్టిపడి ఎక్కువ ఎగురుతుందని ఈ ఏర్పాటు. అంత అల్లారుముద్దుగా పెంచిన బంతిని ఆట ముందు బయటికి తీసి న్యూజెర్సీ వాగు బురద రాస్తారు, పిచర్ చేతికి జారకుండా. ఏసీలో పెట్టి బురద రాయడం ఏమిటని అడక్కండి. నిబంధనల్లో ఉంది.

దూరాల దగ్గర మాత్రం నియమావళి కఠినంగా ఉండక తప్పదు. 1921లో డెట్రాయిట్‌లో రూత్ కొట్టిన బంతి 575 అడుగులు పోయిందని లెక్క రాశారు. 1953 ఏప్రిల్ 17న వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో మికీ మ్యాంటిల్ కొట్టింది 565 అడుగులు. దీన్ని కొలిచినాయన యాంకీస్ ప్రచార వ్యవహారాలు చూసే రెడ్ ప్యాటర్సన్. స్టేడియం దాటి వీధిలోకెళ్లి, బంతి దొరికిన పెరటి దాకా లెక్కగట్టుకొచ్చాడు. ఆ దెబ్బతోనే భారీ హోమ్ రన్‌కి "టేపు కొలత హోమ్ రన్" అనే పేరు స్థిరపడింది. ఆయన దగ్గర టేపు లేదు. అడుగులు వేసి చూశానని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. 2015లో అన్ని మైదానాల్లో రాడార్లూ కెమెరాలూ పెట్టి ప్రతి బంతినీ పట్టి కొలవడం మొదలైంది. అప్పటినుంచి 2024 సీజన్ దాకా అత్యధిక దూరం 505 అడుగులు, 2019లో నోమార్ మజారా కొట్టాడు. జడ్జి 6 అడుగుల 7 అంగుళాల మనిషి, బరువు 128 కిలోలు. ఆయనకీ 575 రాలేదు. దీన్నిబట్టి రెండే నిర్ధారణలు సాధ్యం. మనుషుల్లో సత్తువ తగ్గింది, లేదా రాడార్‌కి ప్రచార శాఖలో పనిచేసిన అనుభవం లేదు.

ఈ జబ్బు అమెరికాకే పరిమితం అనుకునేరు. రూత్ కాలంలోనే మన తెలుగువాడు సి.కె. నాయుడు 1926 డిసెంబరు 1న బొంబాయిలో ఎంసీసీ మీద 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. ఇది స్కోరు పుస్తకంలో ఉన్న లెక్క, ఎవరూ కాదనలేరు. దాంతో తృప్తి పడలేదు మనం. 1932లో ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన సిక్సరు రే నది దాటి పక్క కౌంటీలో పడిందని చెప్పుకుంటాం. ఒక జిల్లాలో కొడితే ఇంకో జిల్లాలో పడటం! ఆ మధ్యలో టేపు పట్టుకుని నదిలో దిగినవాడెవరో ఇంతవరకూ తెలియలేదు. మ్యాంటిల్‌కి ప్యాటర్సన్ ఉన్నాడు, మనకి అభిమానం ఉంది.

తిండి, ఒళ్లు, పవిత్రత. "ఆ రోజుల తిండే వేరండీ" వర్గం ఇక్కడ కాస్త చెవులు రిక్కించాలి. రూత్ హాట్‌డాగులు, బీరుతోనే కొట్టాడని గొప్పగా చెబుతారు. ఆ తిండితోనే 1925 ఏప్రిల్‌లో రైలు ప్రయాణంలో కుప్పకూలాడనీ చెబుతారు. ఆస్పత్రిలో చేర్చి పొట్టకు ఆపరేషన్ చేశారన్నది మాత్రం ఖాయం. ఆ ఏడాది శీతాకాలం న్యూయార్క్‌లో ఆర్టీ మెక్‌గవర్న్ జిమ్ములో చేరి ఒళ్లు వంచాడు. రెండేళ్లు తిరక్కుండా, 1927 సీజన్లో, 60 హోమ్ రన్లు కొట్టాడు. అంటే సహజసిద్ధ బలానికి ప్రతీక అయిన ఆ 60 వెనక పర్సనల్ ట్రైనర్ ఉన్నాడు. బీరు విషయానికొస్తే 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. రూత్ యాంకీస్ తరఫున కొట్టిన హోమ్ రన్లలో సింహభాగం ఆ కాలానివే. బలం పెంచే మందులు వాడినవాళ్లను నిలదీస్తున్నాం సరే, బలం తగ్గించే నిషిద్ధ ద్రవ్యం పుచ్చుకుని కూడా అన్ని కొట్టినవాడికి అదనపు మార్కులు వెయ్యాలా వద్దా?

మందుల పెట్టె ఎటూ విప్పాల్సిందే. మార్క్ మెగ్వైర్ 1998లో 70 కొట్టాడు, స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు. బ్యారీ బాండ్స్ 2001లో 73 కొట్టాడు, ఆయన చుట్టూ తగాదా నేటికీ నడుస్తోంది. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి" అనేవాళ్లకు ఒక్క ముక్క. 1889లో పడ్ గాల్విన్ అనే పిచర్ జంతువుల వృషణాల సారం సూది వేయించుకుని బరిలోకి దిగాడు. దాచలేదు కూడా, పత్రికలో ఘనంగా వేశారు. పాత చింతకాయ పచ్చడి కదా అని మూత తీస్తే ఒక్కోసారి ఇలాంటి వాసనే వస్తుంది.

రూత్ పక్షానికి గట్టి ఆయుధం లేకపోలేదు, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. 1927లో రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ ఎనిమిది జట్లూ కలిసి కొట్టినవి 439 హోమ్ రన్లు. అందులో రూత్‌వి 60, దాదాపు 14 శాతం. మిగతా ఏడు జట్లలో ఏ ఒక్కటీ జట్టు మొత్తం కలిసినా 60 కొట్టలేదు. 2019లో రెండు లీగుల్లో కలిపి 6,776 పడ్డాయి. అందులో సగం ఒక లీగుకి వేసుకుని రూత్ వాటాయే తీస్తే జడ్జి ఆ ఏడాది 460 పైచిలుకు కొట్టాలి. ఆడేది 162 ఆటలు. రోజుకి మూడు చొప్పున కొట్టినా వారం రోజులకు మించి సెలవు దొరకదు. ఈ లెక్క విన్నాక కొత్తకాలం వాళ్లు సాధారణంగా మంచినీళ్లు తాగుతారు.

తాగాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ 439 కొట్టినవాళ్లెవరు, కొట్టనివ్వనిది ఎవరిని? దీనికోసం తిరుగు ప్రయాణం టికెట్లు పరిశీలించాలి. ఇప్పటివాళ్లను 1927కి పంపడం చాలా తేలికని అందరూ అనుకుంటారు, బ్యాటు భుజానేసుకుని దిగడమే కదా అని.

మొదటి ప్రయాణికుడు షోహెయ్ ఒహ్తాని. 2024లో 54 హోమ్ రన్లు, 59 బేస్ దొంగతనాలు (పిచర్ కళ్లుగప్పి తరవాతి మజిలీకి, అంటే బేస్‌కి, పరుగెత్తడం). 2025 అక్టోబరు 17న ఒకే ఆటలో 3 హోమ్ రన్లు కొట్టి, పిచర్‌గా 10 మందిని ఇంటికి పంపాడు. రూత్ లాగా రెండు పనులూ చేసేవాడు గనక పోలికకు ఇంతకంటే యోగ్యుడు లేడు. చిక్కల్లా రేవులో వస్తుంది. 1924 చట్టం స్థిరపడటానికి వచ్చే జపాన్‌వాళ్లకు తలుపు మూసేసింది. ఏంజెల్స్ జట్టుకి ఆరు సీజన్లు ఆడిన మనిషి శాన్‌ఫ్రాన్సిస్కో తీరాన ఏంజెల్ ఐలండ్ ఇమిగ్రేషన్ కేంద్రంలో బ్యాటు పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. పైగా ఆయన మోచేతికి 2018లో ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్ మొదటిసారి జరిగింది 1974లో. 1927 డాక్టరు ఇచ్చేది వేణ్ణీళ్ల కాపడం. మోచేతి లిగమెంటు తెగినవాడికి ఎంత కాపడం పెట్టినా తొంభై ఎనిమిది రాదు.

రెండో ప్రయాణికుడు జడ్జి. యాంకీస్ కెప్టెన్, 2022లో 62 కొట్టి అమెరికన్ లీగ్ రికార్డు తిరగరాసినవాడు. మిశ్రమ జాతివాడు. నల్లవాళ్లకు ఈ లీగుల తలుపు తెరుచుకున్నది 1947 ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్‌తో. యాంకీస్ 1955 దాకా తీరిగ్గా ఆలోచించుకుంది. కాబట్టి కెప్టెన్ గారు తన స్టేడియం గేటు బయటే 28 ఏళ్లు ఎదురుచూడాలి.

ఇక వీటికి న్యాయనిర్ణేతలుగా డాలస్‌లో ప్రతి శనివారం కూర్చునే మన తెలుగువాళ్ల టికెట్లు కూడా చూశాం. 1917 చట్టం ఇండియా నుంచి వలసలు ఆపేసింది. కుర్చీలు ఖాళీ.

మూడో మనిషికి కాలయంత్రం అక్కర్లేదు, అప్పటికే అక్కడే ఉన్నాడు. 1927 అక్టోబరులో రూత్ వరల్డ్ సిరీస్ ఆడటానికి పిట్స్‌బర్గ్ వచ్చాడు. ఆ ఊళ్లోనే పదిహేనేళ్ల జాష్ గిబ్సన్ ఉన్నాడు. తరవాత నీగ్రో లీగుల్లో (నల్లవాళ్లు విడిగా ఆడుకున్న లీగులు) బాదిన బాదుడుకి గిబ్సన్‌ని "నల్ల రూత్" అన్నారు. 1947 జనవరిలో, రాబిన్సన్ బరిలో దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ల వయసులో పోయాడు. 2024 మేలో నీగ్రో లీగుల లెక్కలను మేజర్ లీగ్ పుస్తకాల్లో కలిపారు. కలిపిన మర్నాడు పుస్తకం తెరిచి చూస్తే జీవితకాల బ్యాటింగ్ సగటులో గిబ్సన్ .372తో అందరికంటే పైన ఉన్నాడు. స్లగ్గింగ్‌లో (ఒక్కో బ్యాటింగ్‌కి సగటున ఎన్ని బేస్‌లు వచ్చాయన్న లెక్క) గిబ్సన్ .718, రూత్ .690. లగేజీ చేరడానికి 77 ఏళ్లు పట్టింది. ఆలస్యానికి చింతిస్తున్నామనే బోర్డు కూడా ఎక్కడా పెట్టలేదు.

పై నియమావళి ప్రకారం అన్ని పెట్టెలూ తూచి, టికెట్లన్నీ సరిచూసి, 1927 మైదానంలోకి అనుమతించిన పోటీదారుల తుది జాబితా ఇది: బేబ్ రూత్. ఎదుటి పక్షం నుంచి ఎవరూ హాజరు కానందున వాకోవర్‌గా ఆయన్నే విజేతగా ప్రకటించడమైనది.