చామంతికి దుప్పటి

మా ఆవిడ తోడికోడలు అమెరికాలో, మిన్నియాపొలిస్‌లో ఉంటుంది. అక్కడ అక్టోబరులోనే మంచు దెబ్బకు పూలమొక్కలు ఒక్క రాత్రిలో నల్లబడిపోతాయి. ఈవిడ మాత్రం మడి మీద ఇనుప కమ్మీలు విల్లులా వంచి, పల్చటి తెల్లగుడ్డ కప్పి, నేలలోని వెచ్చదనం పైకి పోకుండా కాపాడి, ఊళ్ళో తోటలన్నీ మాడిపోయాక కూడా స్నాప్‌డ్రాగన్ పూలు కోసుకుంది. వాటిని గాజు కూజాలో పెట్టి వీడియో కాల్‌లో ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి చూపించింది. తిరుపతిలో పుట్టి పెరిగినా, కొండ మీద స్వామిని నేను అంతసేపు చూసి ఎరుగను.

ఫోను పెట్టగానే మా ఆవిడ మేడ వైపు చూసింది. "ఏమండీ, మన చామంతికి మాత్రం చలి వేయదా?"

బైరాగిపట్టెడలో మా మేడ మీద, చలికాలపు తెల్లవారుజామున కూడా మామూలుగా 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ చలికి మా వీధివాళ్ళు మఫ్లర్లు చుట్టుకుంటారు గానీ, చామంతి కనీసం తుమ్మదు. ఆ మాటే అన్నాను.

"అక్కడ కమ్మీలన్నీ మీ తమ్ముడే వంచి ఇచ్చాడట" అంది.

వాదన అక్కడితో ముగిసింది.

తెల్లగుడ్డ కోసం బీరువా తెరిస్తే నా పండగ పంచెలు రెండూ వాటంతట అవే బయటికి వచ్చాయి. రెండు పొడవాటి తొట్లు, రెండు పంచెలు. గుడ్డ ఒక్కటే చాలదేమోనని, వెచ్చదనానికి ఒక్కో తొట్టి కొసన 100 వాట్ల బల్బు వేలాడదీసి రాత్రంతా వెలిగించాను. ఇది మాత్రం పూర్తిగా నా సొంత తెలివి.

మూడోనాడు ఉదయమే ఎదురు అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు పెద్దమనిషి భార్యాసమేతంగా వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. గొంతు తగ్గించి, "పెద్దవాళ్ళా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు.

"రెండు రాత్రులుగా చూస్తున్నాం. ఫ్రీజర్ బాక్సు అయినా తెప్పించవలసింది. ఎవరైనా అమెరికా నుంచి రావాలా?"

మేడ ఎక్కి ఆయన కళ్ళతో చూశాను. నిండా తెల్లబట్ట కప్పిన రెండు ఆకారాలు. తల దగ్గర దీపాలు.

చామంతులను చూపించాక కాఫీ తాగాడు.

ఇంతకీ పూలు? డిసెంబరు సగానికి మొక్కలు పంచెలను నెత్తిన మోస్తూ నడుమెత్తు పెరిగాయి. మొగ్గ జాడ లేదు. ధనుర్మాసం పూజకు చామంతి మూర కొలుస్తూ, మాకు రోజూ పూలిచ్చే ఆమె సంగతంతా విని చెయ్యి ఆపేసింది.

"రాత్రి చీకటి పొడుగ్గా ఉంటేనే చామంతి మొగ్గ తొడుగుతుంది సార్. పూత వెనక్కి జరపాలంటే చిక్కబళ్ళాపురం వైపు మా బంధువులు పొలంలో బల్బులు వేస్తారు. మీరు కరెంటు ఖర్చు పెట్టి మరీ పూలను ఆపుకున్నారు."

ఆ రాత్రే ఆర్పేశాను. ఆ బిల్లు మా ఆవిడకు ఇంతవరకు చూపించలేదు.

ఫిబ్రవరి చివర్లో, వీధిలో అందరి చామంతులూ ఎండిపోయాక, మావి విరగబూశాయి. మా ఆవిడ ఫోను పట్టుకుని ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి తిప్పుతూ తోడికోడలితో చెబుతోంది: "అంతా పంచెల మహిమ!"

కార్తీకం వానల్లో కమ్మీల తుప్పు అంటిన పంచె ఒకటి నా ఒంటి మీదే ఉంది. ఫోనుకు కనబడకుండా నీళ్ళ ట్యాంకు వెనక్కి జరిగాను.