మిత్రుడిలా వచ్చిన ఎఫ్

ముప్ఫై ఏళ్ళుగా బడిలో తెలుగు చెబుతున్నాను. అచ్చుతప్పును ఆమడ దూరం నుంచే పట్టేస్తానని మా పేటలో నాకొక పేరు. శుభలేఖ అచ్చుకు వెళ్ళే ముందు సగం మంది నా చేత దిద్దించుకుని వెళతారు. అటువంటి నన్ను మొన్న ఆదివారం ఒకే ఒక్క అక్షరం, అదీ ఇంగ్లీషు అక్షరం, మా హాల్లో పదకొండు మంది ఎదుట తల దించుకుని కూర్చునేలా చేసింది. మంట ఇంకా చల్లారలేదు కనుక వెంటనే రాసేస్తున్నాను.

ముందు సంగతి త్వరగా ముగిస్తాను. మా అమ్మాయి ఇంజనీరింగులో చేరింది. కంప్యూటర్ కావాలంది. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకుంటే చవక అని మా బావమరిది అన్నాడు. వాడు అన్నాక మా ఇంట్లో అది శాసనం. శనివారం ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వెళ్ళి కొన్నాం, రాత్రి వాడు ఫోనులో వీడియో చూస్తూ బిగించాడు, మిగిలిపోయిన నాలుగు మరలను నా చేతిలో పోసి "ఇవి అదనం బావా" అన్నాడు. అంతే.

కాదు, కొట్టులో జరిగిన ఒక్క ముక్క చెప్పాలి. అమ్మాయి కాగితం మీద ప్రాసెసర్ పేరు, అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పు పేరు, ఐ5-12400 అని రాసిచ్చింది. కొట్టు కుర్రవాడు పెట్టె తీస్తూ, "ఇదే ఎఫ్ అయితే పదిహేను వందలు తగ్గుతుంది సార్" అన్నాడు. తేడా ఏమిటని అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు. "ఏమీ లేదు సార్, గ్రాఫిక్స్ ఉండదు, అంతే" అన్నాడు. గ్రాఫిక్స్ అంటే ఆటలు. ఆటలంటే చదువు చెడటం. చదువు చెడకుండా ఉండటానికి ఎదురు పదిహేను వందలు మిగులుతున్నాయంటే వద్దనే తండ్రి ఉంటాడా? బావమరిది వైపు చూశాను. వాడు అన్నీ తెలిసినవాడిలా తల ఊపాడు. ఆ ఊపు ఇప్పటికీ నా కళ్ళ ముందు కదులుతూనే ఉంది.

ఆదివారం తొమ్మిదిన్నరకు వర్జ్యం దాటింది. మా ఆవిడ కంప్యూటర్ పెట్టెకు పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టింది. మామగారు ముందు రోజు సాయంత్రమే దిగారు. పక్కింటి వాళ్ళు, పై వాటా వాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎందుకు వచ్చారో తెలియని ఇద్దరు. ఆ పెట్టెకు ఒక పక్క అద్దం. బావమరిది మీట నొక్కగానే లోపల పంకాలు తిరిగాయి, వాటి చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, ఊదా దీపాలు వెలిగి ఒకదాన్ని ఒకటి తరుముకున్నాయి. అచ్చం వినాయక చవితి పందిరి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పై వాటా ఆవిడ చెంపలు కూడా వేసుకుంది.

అందరం దేవుడు ఉండవలసిన వైపు తిరిగాం.

తెర మీద 'నో సిగ్నల్' అనే చిన్న నీలి పెట్టె ఒకటి ఈ మూల నుంచి ఆ మూలకు తీరికగా ఈదుకుంటూ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. తర్వాత అదీ పోయింది. మిగిలిన నలుపులో మా పదకొండు ముఖాలు బారుగా కనిపించాయి, మధ్యలో నాది.

ఇటువంటి సమయంలో మనవాళ్ళు ఊరుకోరు. పక్కింటాయన ఎర్తింగ్ లేదన్నారు. ఆయన ఏది పాడైనా ఎర్తింగ్ లేదనే అంటారు, ఒకసారి మా కుళాయి గురించి కూడా అన్నారు. పై వాటా ఆవిడ పెట్టె నెత్తిన ఒకటి చరచమంది, వాళ్ళ పాత టీవీ అలాగే దారికి వచ్చేదట. బావమరిది పెట్టె వెనక్కి పాకి తీగను పీకి, దాని మూతిలోకి ఉఫ్ అని ఊది, మళ్ళీ గుచ్చాడు. ఇలా ఆరుసార్లు. ఆ తీగ గుచ్చే రంధ్రం, భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు అనే పలక వెనుక మెరుస్తూ, అన్ని రంధ్రాల్లాగే బుద్ధిగా ఉంది. తీగ అందులో బిగుతుగా, ఎంతో ఆత్మవిశ్వాసంతో దిగింది. వాకిలికి తలుపు ఉంది, తలుపుకు గడియ ఉంది, లోపల ఇల్లే లేదని ఎవరికి తెలుస్తుంది? ప్రాసెసర్‌లో బొమ్మ గీసే భాగం పనిచేస్తేనే ఆ రంధ్రానికి ప్రాణం. లేకపోతే అది గోడకు వేసిన తలుపు బొమ్మ. మరి అక్కడ ఒక చీటీ అంటించడానికి ఏమి రోగం? కరెంటు స్తంభానికి కూడా ప్రమాదమని పుర్రె బొమ్మ వేస్తారే!

కొట్టుకు ఫోను చేశాం. ఆదివారం, ఎత్తలేదు.

చూడటానికి ఇంకేమీ లేదు కనుక సభ మామగారి వైపు తిరిగింది. ఆయన నీటిపారుదల శాఖలో లెక్కలు చూసి రిటైరైన మనిషి. అంకె తగ్గిందంటే ఆయనకు ఒకటే అర్థం, మధ్యలో ఎవరో తిన్నారని.

"అల్లుడుగారూ, ఇది ఎన్ని గిగాహెర్ట్జ్?"

"రెండున్నర మామగారూ."

"మాది మూడు."

2004లో ఆయన కొన్న పెంటియం 4 ఇప్పటికీ వాళ్ళింట్లో పూల గుడ్డ కప్పుకుని ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత అల్లుడు అంతకన్నా తక్కువది తెచ్చాడు. నేను పంతుల్ని, నల్లబల్ల కనిపిస్తే పాఠం చెప్పకుండా ఉండలేను. ఎదుట తెర అచ్చంగా నల్లబల్లే.

"గిగాహెర్ట్జ్ అంటే రోకలి పోట్ల లెక్కండీ" అని మొదలుపెట్టాను. "సెకనుకు ఎన్ని పోట్లు పడ్డాయో చెబుతుంది, ఎన్ని బియ్యం దంచారో చెప్పదు. మీ పెంటియం సెకనుకు మూడు వందల కోట్ల పోట్లు వేసేది, కానీ ఒకటే రోలు. దీనికి రెండు వందల యాభై కోట్ల పోట్లే, కానీ పోటు పోటుకూ నలిగే వడ్లు ఎక్కువ. పైగా ఆరు రోళ్ళు, వీటినే కోర్లంటారు."

ఆయన ఆలోచించారు. నల్లటి తెర వైపు చూశారు. "మరి బియ్యం ఏవి?" అన్నారు.

నేను తడబడి, అవసరమైతే ఇది 4.4 దాకా వెళుతుందన్నాను. ఎప్పుడు వెళుతుందని అడిగారు. వేడెక్కనంతసేపు అన్నాను. పెట్టె వెనుక నుంచి కనబడుతున్న కొడుకు కాళ్ళ వైపు చూసి, "మావాడూ అంతే" అన్నారు.

అప్పటికైనా ఆపవలసింది. ఆపకుండా ఆయన పెంటియం చరిత్ర ఆయనకే చెప్పాను. వట్టి అంకెను తమ సొత్తుగా నమోదు చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదని ఈ చిప్పులు చేసే ఇంటెల్ వాళ్ళు, 486 తర్వాత 586 అనవలసినదానికి పెంటియం అని పేరు పెట్టి 1993లో విడుదల చేశారు. గ్రీకు పెంటా, మన పంచ ఒక తల్లి బిడ్డలే. (మామగారి కంప్యూటర్‌ను మా అత్తగారు పూర్తి పేరుతో పిలవకుండా మొదటి రెండు అక్షరాలతో ఆపేసేవారు. ఆవిడకు తెలిసినంత ఈ రంగం గురించి నాకు తెలియదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) పెంటియం 4 పోట్లు పెంచుకుంటూ పోయి 3.8 దగ్గర ఆగిపోయింది. 4 తెస్తామని చెప్పి, వేడి తట్టుకోలేక 2004 అక్టోబరులో మానుకున్నారు. ఆ సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభలో వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాడు.

"చూశారా, 4 ఇవ్వలేకపోయినందుకు అంతటివాడు మోకరిల్లాడు" అని నేను ముగించేలోపే మామగారు, "మరి మీ కొట్టువాడు ఫోనైనా ఎత్తడేమి?" అన్నారు.

పదకొండు గంటలకు అమ్మాయి హాస్టల్ నుంచి దిగింది. ఎవరితోనూ మాట్లాడలేదు. పై వాటా పిల్లవాడు బస్సుగా నడుపుతున్న ప్రాసెసర్ ఖాళీ పెట్టెను వాడి చేతిలోంచి తీసుకుని చూసింది. "నాన్నా, ఇది ఎఫ్."

"అవునమ్మా, ఎఫ్. చవకగా వచ్చింది."

"ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండదు. వేరే కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ రాదు."

"ఆటలు రావు, అంతే కదా?"

"అక్షరం కూడా రాదు నాన్నా."

అక్షరం కూడా రాదు. అంటే తెలుగు పంతులు తన కూతురికి అక్షరం రాని యంత్రం కొనిపెట్టాడు. బావమరిది పెట్టె వెనుక నుంచి బయటకు రాలేదు.

ఒక్క మాట అడుగుతాను. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తోసేసి కూర్చుంటుందనీ ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. 12400 పక్కన ఎఫ్ వచ్చి చేరితే ఎవరైనా ఆగమమే అనుకుంటారు. ఒక అక్షరం కలిస్తే ఒక వస్తువు పోవడం ఏ వ్యాకరణం? మన భాషలో లేదని చెప్పదలచుకుంటే ముందే చెబుతాం, అసత్యం, అధర్మం, అన్యాయం. వినేవాడు మొదటి అక్షరం దగ్గరే జాగ్రత్తపడతాడు. వీళ్ళు నఞ్ తత్పురుషను తోకలో దాచారు. 'రెండు పడక గదుల ఇల్లు-వ' అని ప్రకటన వేసి, మనం దిగాక, వ అంటే వంటిల్లు లేదండీ అన్నట్టు. తోకలో కే ఉంటే వేగం పెంచుకునే వీలు ఉన్నట్టట. ఎఫ్ ఉంటే లేనట్టట. కేఎఫ్ అంటే ఒకటి ఉండి ఒకటి లేనట్టట!

ఆ రాత్రి నిద్ర పట్టక అమ్మాయి చేత మొత్తం చెప్పించుకున్నాను. ఐ5 అంటే ఐదు రోళ్ళు కావు. మాదానికి ఆరు. అదే తరం ఐ3కి నాలుగు, ఐ7-12700కు పన్నెండు. ఐ4, ఐ6 పుట్టనే లేదు. 12 అన్నది తరమట. అంటే 8250 కన్నా 1135 పెద్దది, ఎందుకంటే మొదటిది ఎనిమిదో తరం, రెండోది పదకొండో తరం. ఎక్కడ విరిచి చదవాలో తెలియకపోతే పదాన్నే కాదు, అంకెనూ తప్పు చదువుతాం. మా లెక్కల మాస్టారు తన ఐ7 ల్యాప్‌టాప్ గురించి స్టాఫ్ రూములో చెప్పని రోజు లేదు. అది 7500యూ, రెండే రోళ్ళు, వేగం 2.7. డ్రాయింగు మాస్టారి ఐ5 ఆ మరుసటి తరానిది, 8250యూ, వేగం 1.6 అని రాసి ఉంటుంది, నాలుగు రోళ్ళు. ఏళ్ళ తరబడి ఆ డ్రాయింగు మాస్టారు పాపం సిగ్గుపడి మూల కూర్చుంటున్నాడు. ఏఎండీ అనే ఇంకో కంపెనీ వాళ్ళ రైజెన్ 7520యూలో ముందున్న 7 అంటే 2023 నాటి పేరు, మూడో అంకె 2 అంటే 2019 నాటి నిర్మాణం. పాత మజ్జిగకు కొత్త తాలింపు. దాన్ని కూడా చెప్పారు, కాకపోతే మూడో అంకెలో చెప్పారు. ఇవన్నీ నేర్చుకున్నాక అమ్మాయి, "2023 చివర్లో వచ్చిన కొత్త వాటికి ఆ ఐ తీసేసి అల్ట్రా అని పెట్టారు నాన్నా" అంది. దీపం ఆర్పి పడుకున్నాను.

సోమవారం సెలవు పెట్టి కొట్టుకు వెళ్ళాను. కుర్రవాడు ఏమాత్రం చలించలేదు. "కార్డు మీ దగ్గర ఉందనుకున్నాను సార్" అన్నాడు. నా ముఖం చూసి అలా అనుకున్నాడట. వెనక్కి తీసుకోవా అంటే పెట్టె తెరిచారుగా అన్నాడు. ఆటలు ఆడని వాళ్ళు కొనే చిన్న కార్డు జీటీ 1030 ఉందంటూ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. రెంటి మీదా జీటీ 1030 అనే ఉంది. ఈసారి కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. తోక లేదు. హమ్మయ్య అనుకుని చవకైనది తీసుకోబోతుంటే, "అది వేరు సార్, ఇది వేరు. దాంట్లో మెమరీ డీడీఆర్4, బాగా నెమ్మది. ఇది జీడీడీఆర్5" అన్నాడు.

"పేరు ఒకటే కదయ్యా?"

"పేరు ఒకటే సార్."

ఒక అక్షరం తేడా ఉంటే తెర రాదు. ఒక్క అక్షరం కూడా తేడా లేకపోతే వేగం రాదు. ఆ బల్ల ముందు నిలబడి నేను ఏమన్నానో ఇక్కడ రాయను, పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. మిగిలిన పదిహేను వందలకు మరో మూడున్నర వేలు కలిపి, ఖరీదైనదే తెచ్చాను.

సాయంత్రం తెర వెలిగింది. ఈసారి వర్జ్యం చూడలేదు, ఎవరినీ పిలవలేదు. మామగారు మాత్రం కుర్చీ దగ్గరకు లాక్కుని, అమ్మాయి చేత కంప్యూటర్ వివరాల పేజీ తెరిపించి, కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి, వేలు పెట్టి చదివారు.

"రెండు పాయింట్ ఐదు సున్నా" అన్నారు. నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "అల్లుడుగారూ, బిల్లు పారేయలేదు కదా?"