కోర్సు ఒక్కటే చాలదు అన్నా

ఓడల్లో భద్రతా నియమాలు పాటిస్తున్నారో లేదో తనిఖీ చేసే ఆడిటింగ్ కోర్సు చేస్తే చాలు, ఓడల సేఫ్టీ ఉద్యోగం వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. అది నమ్మి మా కడప పిల్లలు లక్షలు కట్టేస్తారేమోనని భయంగా ఉంది. ఐఎంయూ సెట్ (ఓడల చదువులకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాసి, డెక్ మీదో ఇంజిన్ రూమ్‌లోనో ఆఫీసర్‌గా కొన్నేళ్లు పనిచేసినవాళ్లకే కంపెనీలు ఎక్కువగా ఈ బాధ్యత ఇస్తాయి. ఆ పని ఎంత కీలకమో ఒక ప్రమాదం చెబుతుంది: 1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ, వాహనాలు ఎక్కించే ముందువైపు తలుపు మూయకుండానే బయల్దేరి మునిగి 193 మంది చనిపోయారు, తలుపు మూయాల్సిన మనిషి నిద్రలో ఉన్నాడు, మూశారని కెప్టెన్‌కు చెప్పే పద్ధతే లేదు, విచారణలో కంపెనీ ఆఫీసుదీ తప్పేనని తేలింది. ఆ తర్వాతే ఐఎస్ఎం కోడ్ (ఓడలూ, కంపెనీలూ పాటించాల్సిన అంతర్జాతీయ భద్రతా నియమావళి) వచ్చింది, 1998 నుంచి తప్పనిసరి అయింది. ఆడిట్ చేసేవాళ్లు, కాగితం మీద డ్రిల్ (ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే చేసే సాధన) చేసినట్టు రాసుంటే నిజంగా చేశారో లేదో పసిగట్టాలి, అది ఓడలో బతికినవాళ్లకే తెలుస్తుంది. చేరేముందు ఆ ట్రైనింగ్ సంస్థకు డీజీ షిప్పింగ్ (ఓడల రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉందో లేదో చూసుకోండి తమ్ముళ్లూ.